గేటు దగ్గర పావుగంట

“ఈ పుస్తకం ఎవరు కుట్టారండీ?” అని ఎదుటి సీటాయన అడిగేసరికి తలెత్తాను.

రైలు రెండు స్టేషన్ల మధ్య ఎందుకో ఆగి ఉంది. నా చేతిలో ఉన్నది పాత పుస్తకాల దుకాణంలో తూకానికి కొన్న పుస్తకం. ఎవరు రాశారని అడిగితే చెప్పగలను, ఎవరు అచ్చేశారో అట్ట వెనక చూసి చెప్పగలను. ఎవరు కుట్టారో నాకేం తెలుసు? యాభై ఏళ్లుగా కనిపించిన కాగితమల్లా చదువుతూ వచ్చాను గానీ ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. నాకూ తోచలేదు.

“తెలీదండీ. ఏం, బాగా కుట్టాడా?”

“బాగానా! ఆ దారం చూడండి, ఎలా వేలాడుతోందో. ఇంకో రెండు నెలలు చదివారంటే ఆకులు ఒక్కొక్కటే లేచి వాటి దారిన అవి పోతాయి.”

అరవై దాటిన మనిషి. బొటనవేళ్ల గోళ్ల అంచున ఎండిన జిగురు తెల్లగా పట్టి ఉంది, కడిగినా పోని రకం. ఒళ్లో గుడ్డసంచి. ఎడమచేతి వేళ్ల మధ్య రైలు టికెట్టు. చొక్కాకి జేబున్నా టికెట్టు మాత్రం చేతిలోనే ఉంది. చెమటకు మెత్తబడి అరిటాకులా వాలిపోయింది.

“జేబులో పెట్టుకోకూడదూ? గాలికి ఎగిరిపోతుంది” అన్నాను.

“చేతిలో ఉంటే అడగంగానే చూపించొచ్చు. ఒకసారి అయింది నాకు.”

నేను నవ్వాను. వయసులో ఉండగా నేను టికెట్టు లేకుండా తిరిగిన దూరమంతా కలిపితే భూమి చుట్టూ ఒక చుట్టు రాకపోయినా సగం చుట్టు వస్తుంది. మరుగుదొడ్లో దాక్కున్నాను, నిద్ర నటించాను, ఒకసారి చెవిటివాణ్ణయ్యాను. ఒక్కనాడూ పట్టుబడలేదు. అదంతా ఆయనకు గొప్పగా చెప్పి, “దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అని ఊరికే అన్నారా!” అని ముగించాను.

ఆయన నవ్వలేదు. “నేను దొరికానండీ. కానీ దొంగని కాను. ఆ మాట చెప్పడానికే పోతున్నా” అన్నాడు.

రైలు కదిలింది. ఆయన కథ కూడా.

ఆయన బైండర్. అచ్చాఫీసు పక్కన ఒక గది, ఆ గదిలో రెండు బల్లలు. ఒక బల్ల దగ్గర భార్య, ఇంకో బల్ల దగ్గర ఆయన. పదహారు పేజీలు ఒక మడతగా వస్తాయి, దాన్ని ఫారం అంటారు. ఆ ఫారాలను వరసపెట్టి కుట్టడం ఆమె పని. అంచులు కోసి, వెన్నుకు జిగురు రాసి, అట్ట వెయ్యడం ఈయన పని. ముప్ఫై ఒక్క ఏళ్లు అలాగే నడిచింది. పెళ్లయిన కొత్తలో ఒకసారి, ఆమె కుట్టి ఇచ్చిన పుస్తకంలో ఫారాలన్నీ ఉన్నాయో లేదోనని ఈయన లెక్కపెట్టాడట. ఆమె రెండు రోజులు పలకలేదు. మూడో రోజున, “నీ అట్ట నేనెప్పుడైనా కొలిచానా అయ్యా?” అని అడిగింది. అంతే. అప్పటి నుంచి ఒకరి పని ఇంకొకరు సరిచూడకూడదని ఆ ఇంట్లో చట్టం.

“మరి పుస్తకాలు చదివేవారా?” అని అడిగాను. పుస్తకాల పురుగుకి ఇంకో పుస్తకాల పురుగు దొరికితే ఎంత ఆశో!

“చదివానండీ, పెళ్లికి ముందు ఒక్కణ్ణే కుట్టుకునే రోజుల్లో. పదహారో పేజీ ఆఖరి వరస, పదిహేడో పేజీ మొదటి వరస. ముప్ఫై రెండు, ముప్ఫై మూడు. మాట మాటకి అతికిందంటే ఫారం సరిగ్గా ఉన్నట్టు. అలా నాకు బోలెడు కథలు తెలుసు. ఒక్కదానికీ మొదలూ తెలీదు, చివరా తెలీదు.”

పండితులనిపించుకున్న వాళ్లను చాలామందిని చూశాను. వాళ్ల చదువులో సగం ఇలాంటిదే. ఒప్పుకున్నవాణ్ణి మాత్రం ఈయననే చూశాను.

కిందటేడు ఒక వకీలు తన పుస్తకం వెనక్కి తెచ్చి బల్ల మీద పడేశాడు. ఐదో ఫారం రెండుసార్లుంది, ఆరోది లేదు. ఈయన నా పొరపాటే అని చెప్పి తీసుకున్నాడు. మర్నాడు ఇంకో పుస్తకంలో ఒక ఫారం తలకిందులుగా కనిపించింది. ఆమె మాటిమాటికీ కణతలు నొక్కుకుంటోంది. సూదిలోకి దారం ఎక్కించి, ఎందుకు ఎక్కించానా అన్నట్టు దానివైపే చూస్తోంది.

“చట్టం తప్పానండీ” అన్నాడు ఆయన. “తను మంచినీళ్లకు లేచినప్పుడో, బయట ఎవరితోనో మాట్లాడుతున్నప్పుడో గబగబా లెక్కపెట్టేవాణ్ణి. తప్పుంటే విప్పి మళ్లీ కుట్టేవాణ్ణి. తన ముడి ఎడమవైపు పడుతుంది, నాది కుడివైపు. చూస్తే పట్టేస్తుంది కదా! అందుకని ఎడమవైపు వెయ్యడం నేర్చుకున్నా.”

“ఆవిడకి తెలియలేదా?”

“ఏమోనండీ. ఒకసారి మాత్రం, ‘ఈ మధ్య నా కుట్టు కాస్త బిగుసుకుంటోందేమిటయ్యా’ అంది. ‘దారం మారింది లే’ అన్నా.”

తలనెప్పి ఎక్కువయ్యేసరికి పెద్ద డాక్టరుకి చూపించాలని ఇద్దరూ బయల్దేరారు. ఐదు నెలల కిందటి మాట. టికెట్లు ఎప్పుడూ ఆమే కొనేది. కిటికీ దగ్గర తోసుకుని నిలబడటం ఈయనకు చేతకాదు, సామాన్ల దగ్గర కాపలా మాత్రం బాగా చేతనవును. ఆమె వెళ్లి వచ్చింది, “కొన్నా, పద పద, బండి వచ్చేస్తోంది” అంది. కాగితం చెంగున ముడేసుకుందో, చేతిసంచిలో దోపుకుందో, మరెక్కడ పెట్టుకుందో ఈయన చూడలేదు. అడగనూ లేదు. ఆమె పని ఆమెది.

దారిలో ఆమె తల ఈయన భుజం మీద వాలింది. నిద్ర అనుకున్నాడు. మాట ముద్దగా వచ్చేసరికి పక్కవాళ్లను పిలిచాడు. పెట్టెలో వాళ్లు కేకలు వేశారు, తరవాతి పెద్ద స్టేషన్‌లో మనుషులు రోగుల్ని మోసే మంచం తెచ్చారు, ఆమెను పడుకోబెట్టి, సంచి కాళ్ల దగ్గర పెట్టి పరుగెత్తారు. వెనకాల ఈయన. గేటు దగ్గర మంచం దాటింది. ఈయన దాటలేదు.

“టికెట్టు?” అన్నాడట గేటు మనిషి.

“అదిగో, ఆ సంచిలో ఉంది బాబూ. ఆవిడ నా భార్య.”

“ఏం తాతా, ఇవాళ అందరి టికెట్లూ ఆస్పత్రికే పోతున్నాయా?”

“వాడు చెడ్డవాడు కాడండీ” అని ఈయనే నాకు సర్దిచెప్పాడు. “రోజుకి వంద కథలు వింటాడు. నాది నూటొకటి. పేరు, ఊరు, పని, అన్నీ అడిగి జరిమానా కాగితం మీద రాశాడు. ప్రయాణానికి కారణం అని ఒక గడి ఉంది. అందులో వైద్యం అని రాశాడు. రాత ముత్యాల్లా ఉంది. తొందరలేని రాత. సంతకం పెట్టేసరికి పావుగంటయింది. బయటికొస్తే తనను ఎక్కించుకున్న ఆస్పత్రి బండి లేదు. ఆస్పత్రి ఎటో కనుక్కుంటూ నడిచా. నర్సు నన్ను చూసి, ‘పోయి ఐదు నిమిషాలైంది, మా ఆయన వచ్చాడా అని అడుగుతూనే ఉంది’ అంది.”

కిటికీ బయట కరెంటు స్తంభాలు వెనక్కి పోతున్నాయి.  నాలాంటి వాగుడుకాయ నోటికి వచ్చిన మాట రాకపోయినా బాగుండేది. “ఆ జరిమానా ఏదో కట్టేస్తే పీడా పోయేది కదండీ?”

“కట్టడానికేం, ఉన్నాయి. కట్టకుండా పైవాళ్లకి అర్జీ పెట్టా. కడితే టికెట్టు లేదని ఒప్పుకున్నట్టే కదా! ఉందని తేలిందనుకోండి, ఆ పావుగంట వాళ్లు తీసుకున్నట్టు. లేదని తేలితే...” ఆయన అక్కడ ఆగాడు. “లేకపోవడమేమిటి? కొన్నానని చెప్పింది కదా. పుస్తకాల సంగతి వేరు. టికెట్ల దగ్గర తను ఏనాడూ తప్పలేదు.”

ఆస్పత్రివాళ్లు ఆమె సంచిని కాగితంలో చుట్టి, దారం కట్టి, ముద్ర వేసి ఇచ్చారు. ఆ పొట్లమే గుడ్డసంచిలో ఉంది. ఐదు నెలలుగా విప్పలేదట.

“ముందే విప్పితే నేనే పెట్టానంటారు. వాళ్ల ఎదట విప్పుతా” అన్నాడు. తరవాత నెమ్మదిగా, “తన సంచి నేనెప్పుడూ విప్పలేదండీ” అన్నాడు.

నేను దిగాల్సిన ఊరు ఇంకా నాలుగు స్టేషన్ల అవతల ఉంది. అక్కడ నా కోసం కాసుక్కూర్చున్న వాళ్లెవరూ లేరు. ఆయన వెంట దిగిపోయాను.

రైల్వే ఆఫీసులో అర్జీలు వినే గది రెండో అంతస్తులో ఉంది. వరండాలో ఒక బల్ల, దాని మీద ఎవరో మరిచిపోయిన గొడుగు, తలుపు దగ్గర బంట్రోతు.

“ఇద్దరా? గొడవ ఎవరిది?” అన్నాడు బంట్రోతు.

“ఆయనది.”

“మరి తమరు?”

“తోడు.”

“తోడుకి కుర్చీ లేదు. గోడ ఉంది, ఆనుకోండి.”

లోపల అధికారిణికి ముప్ఫై ఏళ్లుంటాయి. బల్ల మీద కాగితాల దొంతరలు కోటగోడలా ఉన్నా, ఈయన అర్జీ తీసి విడిగా పెట్టుకుంది. “కూర్చోండి బాబాయ్ గారూ. మీరు రాసింది రెండుసార్లు చదివాను” అంది. ఆఫీసుల్లో నేను విన్న మాటల్లో ఇంత దయగల మాట లేదు. “ఆ రోజు తేదీ వేసిన టికెట్టు చూపించండి చాలు. ఇక్కడే కొట్టేస్తాను.”

ఆయన పొట్లం బల్ల మీద పెట్టి ముద్ర చూపించాడు. ఆమె చూసి, తల ఊపింది. ముడి విప్పడానికి ఆయన వేళ్లకు చాలాసేపు పట్టింది. దారంతో బతికిన వేళ్లు.

దువ్వెన. కళ్లజోడు పెట్టె. మాత్రల డబ్బీ. సూది గుచ్చిన దారపుండ. చిల్లర, చిన్న గుడ్డలో మూటకట్టి ఉంది. ఆ మూటలో చిల్లరతో పాటు నాలుగు మడతలు వేసిన టికెట్టు.

“చూశారా!” అన్నాడు ఆయన నావైపు తిరిగి. ఐదు నెలల్లో ఆ ముఖం మీదికి నవ్వు రావడం అదే మొదటిసారి అయి ఉంటుంది.

అధికారిణి మడతలు విప్పి చదివింది. తేదీ చూసింది, స్టేషన్ల పేర్లు చూసింది. తరవాత కళ్లు ఒకచోట ఆగిపోయాయి.

“దీంతో పాటు ఇంకోటి ఉందేమో చూడండి బాబాయ్ గారూ.”

“ఇద్దరికీ కలిపి ఒకే కాగితం మీద ఇస్తారు కదమ్మా.”

“ఇస్తాం. దీని మీద పెద్దలు ఒకరు అని ఉంది.”

ఆయన సంచిని తిరగేశాడు. కుట్లలో వేళ్లు పెట్టి వెతికాడు. గుడ్డ దులిపాడు. కళ్లజోడు పెట్టె తెరిచి, మాత్రల డబ్బీ తెరిచి చూశాడు. ఆ డబ్బీలో టికెట్టు పట్టదని ముగ్గురికీ తెలుసు.  చివరికి ఆయన చేతులు వాటంతటవే ఆగిపోయాయి. ఫ్యాను గాలికి టికెట్టు రెపరెపలాడుతుంటే అధికారిణి దాని మీద తన పెన్ను పెట్టింది.

“నేనొకటి చెప్పనా?” అంది గొంతు తగ్గించి. “ఈ టికెట్టు మీది. మీరు దీని మీదే వచ్చారు, ఇది ఆవిడ దగ్గర ఉండిపోయింది. అలా రాసేస్తాను. మీ కేసు పోతుంది. ఆవిడ టికెట్టు సంగతి ఎవరూ అడగరు, అడగడానికి ఎవరికీ హక్కు లేదు కూడా.”

ఆయన దారపుండను అటూ ఇటూ దొర్లించాడు.

“ఇది తనదమ్మా” అన్నాడు. “లేనిది నాకే.”

“బాబాయ్ గారూ...”

“టికెట్లు కొన్నది నేను. తను రెండు అని చెప్పి పంపింది. జనం తోసుకుంటుంటే కంగారుపడి ఒకటే తెచ్చా. తెచ్చి తన చేతిలో పెట్టా. తను చూసుకోలేదు. నా పని తను ఎప్పుడూ చూసేది కాదు.”

“అర్జీలో ఆవిడే కొన్నదని రాశారు కదా?” ఆమె కాగితం తిప్పి వేలు పెట్టి చూపించింది. “ఇదిగో. ‘నా భార్య కొన్నది’ అని.”

“తప్పు రాశానమ్మా. ఈ మధ్య మతిమరుపు. అన్నీ తారుమారవుతున్నాయి.”

ఆమె నావైపు చూసింది. నేను గోడకు ఆనుకుని నా కాలివేళ్లు చూసుకున్నాను. బోలెడు ఊళ్లు తిరిగాను. అబద్ధాలు చెప్పాను, అంతకంటే ఎక్కువ విన్నాను. అంత నెమ్మదిగా, ఒక్క పోగు కూడా బయటికి రాకుండా కుట్టిన అబద్ధం ఇంకోటి వినలేదు.

“అలా రాస్తే జరిమానా ఖాయమవుతుంది” అంది ఆమె.

“అవనివ్వమ్మా.”

“ఆ గేటు దగ్గర ఆపడం కూడా సబబే అవుతుంది.”

అప్పుడు మాత్రం ఆయన కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి, “సబబే” అన్నాడు. “ఆ గేటు దగ్గరాయన రాసింది ఒప్పే. పావుగంట నా వల్లే పోయింది. అలాగే రాయండి.”

ఆమె వెంటనే రాయలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుంది, మళ్లీ పెట్టుకుంది, ఇంకోసారి ఆయన ముఖంలోకి చూసి, రాసింది. ఆయన సంతకం పెట్టాడు. జరిమానా కింది అంతస్తులో కట్టాలంది. దువ్వెన, పెట్టె, డబ్బీ, దారపుండ ఒక్కొక్కటే సంచిలోకి వెళ్లాయి. టికెట్టు ఫైల్లో ఉండాలేమోనని ఆయన ఆగాడు. ఆమె పెన్ను తీసి, దాన్ని ఆయనవైపు జరిపింది.

కింద కిటికీ దగ్గర డబ్బు కట్టి రసీదు తీసుకున్నాడు. దాన్ని చదవకుండానే మడిచాడు. బయట మెట్ల పక్కన టీ కొట్టుంది. నేను చెప్పాల్సిన మాటలు గొంతు దాకా ఉన్నాయి. ఆవిడది తప్పు కాదు, జబ్బుది తప్పు అని చెప్పాలి. గేటు దాటి ఉంటే మాత్రం ఏమయ్యేదని చెప్పాలి. ఇలాంటి చోట పెద్దలు చెప్పే మాటలు నాకు పుస్తకాల నిండా తెలుసు. టీ తాగుతూ చెబుదామనుకున్నాను.

“రెండు టీ. ఒక దాంట్లో చక్కెర తక్కువ” అని కొట్టువాడికి చెప్పి, “మీకు చక్కెర...” అంటూ వెనక్కి తిరిగాను.

ఆయన అప్పటికే రోడ్డు దాటుతున్నాడు. సంచిని రెండు చేతులతో పొట్టకు అదుముకుని, అడ్డం వచ్చిన బండికి ఆగి, మళ్లీ నడిచాడు. “ఏమండోయ్!” అని పిలిచాను. వినిపించే దూరమే. ఆయన స్టేషన్ వైపు మలుపు తిరిగి, జనంలో కలిసిపోయాడు.