అరుగు మీద కుంపటి

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరికి కడుపు నొచ్చినా వైద్యుడి దగ్గరికి వెళ్ళే అలవాటు లేదు. వెళ్ళడం మాకు నామోషీ. ఆండర్సన్‌పేట బజారులో మాది పచారీ అంగడి. ఒక పక్క పప్పులూ బెల్లమూ, ఇంకో పక్క శొంఠి, పిప్పళ్ళు, వాము, కరక్కాయ, ఇంగువ. ఇల్లు ఆ అంగడి వెనకే. అందువల్ల మా ఇంట్లో పుట్టిన ప్రతివాడూ పుట్టువైద్యుడే. పొట్ట ఉబ్బిందంటే తాతయ్య వాము నమలమనేవాడు, చిన్నాన్న త్రిఫల అనేవాడు, నాయనమ్మ లేహ్యం డబ్బా మూత తీసేది. ఎంత వేసుకోవాలని అడిగేవాళ్ళు లేరు, చెప్పేవాళ్ళూ లేరు. మన అంగట్లో సరుకే కదా, చేతికి ఎంత వస్తే అంత.

మందుకు కొదవ లేని ఆ ఇంట్లో మా అమ్మ ఏడాది పొడుగునా కడుపు పట్టుకుని తిరిగేది. తిన్నది అరిగేది కాదు, గుండెల దాకా మంట, పుల్లటి తేన్పులు. మనిషి చీపురుపుల్ల అయిపోయింది. ఇంటిల్లిపాదికీ వండి పెట్టేది ఆవిడే, అయితే తినే వరస మాత్రం ఆవిడ చేతిలో ఉండేది కాదు. పక్కనే ఉన్న కోలారు బంగారు గనుల్లో షిఫ్టు మారే కూత వినబడగానే అంగటికి జనం వచ్చి పడేవారు. అంగడి వదలడానికి లేదు కాబట్టి మగవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు లోపలికి వచ్చి తిని పోయేవారు. ఆఖరి మగవాడు చెయ్యి కడుక్కున్నాకే ఆడవాళ్ళ వంతు. అప్పటికి అన్నం చల్లారిపోయేది, సంగటి గట్టిపడేది, అమ్మకు ఆకలి చచ్చిపోయేది. ఆ మధ్యలో కడుపు కాలినప్పుడల్లా పిడికెడు చూర్ణం నోట్లో పోసుకుని, చెంబెడు నీళ్ళు తాగి, మళ్ళీ పొయ్యి దగ్గర కూర్చునేది.

ఇన్ని మందులకు లొంగలేదంటే తప్పు మందుది కాదు, మనిషిదేనని నాయనమ్మ తీర్పు చెప్పింది. బూదికోటలో పుట్టింటికి పంపిద్దాం, నయమైతే వస్తుంది అంది. నాన్న తల వంచుకున్నాడు తప్ప నోరు విప్పలేదు. ఆయన మీద ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు, పోగొట్టుకోవాలని కూడా లేదు. ‘నయమైతే’ అన్న మాటకు అర్థం ఏమిటో నాకు తెలుసు. మా వీధిలోనే ఒకావిడ అలాగే పుట్టింటికి వెళ్ళింది, ఆమె తిరిగి రాకముందే ఆ ఇంట్లో ఇంకో పెళ్ళి జరిగిపోయింది. నాకు బడి ఉంది కాబట్టి నన్ను మాత్రం ఇక్కడే ఉంచుకుంటామన్నారు. ఆ రోజుల్లో నేను అమ్మ కొంగు వదిలితే ఒట్టు.

అప్పుడు వచ్చింది మా మేనత్త, నాన్నకు అక్క. లక్కూరులో కాపురం. మామిడితోట, రాగిచేను, పాడి ఉన్న ఇల్లు. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు కదా, ఇక అమ్మ పెట్టె సర్దుకోవడమే తరువాయి అనుకుని నేను దొడ్లోకి పోయి ఏడ్చాను. మేనత్త మాత్రం తాను తెచ్చిన మామిడికాయలు తరుగుతూ ఒక పూటంతా వంటింటి గడప దగ్గర కూర్చుని అమ్మనే చూసింది. అమ్మ మళ్ళీ చూర్ణం డబ్బా అందుకోబోతుంటే ఆ చెయ్యి పట్టుకుంది.

“మందు తింటానే ఉండావు గదమ్మా, ఇంగ అన్నం ఎప్పుడు తింటావు?”

అమ్మ అక్కడే గడప మీద కూలబడింది. చాలాసేపు ఏడ్చింది.

మరునాడు మేనత్త మా ఇద్దరినీ బస్సెక్కించి కోలారులో ఒక ఆయుర్వేద వైద్యుడి దగ్గరికి తీసుకుపోయింది. ఆయన నాడి చూసి, అమ్మ వేసుకునే పొడులన్నీ ఒక్కొక్కటే చెప్పించుకుని, అన్నీ ఆపేయమన్నాడు. ఖాళీ కడుపులో శొంఠీ మిరియాలూ పిడికిళ్ళతో పోస్తే మండక చల్లగా ఉంటుందా అన్నాడు. ఆయన ఇచ్చింది చలవ చేసే పొడి ఒక్కటే, అదీ చిటికెడే వేసుకోవాలి. నేతిలో కలిపి వేడన్నంలో మొదటి ముద్దగా తినాలి. ఆకలైన వేళకే తినాలి, ఆకలిని చంపుకుని తింటే ఆ పొడికీ మట్టికీ తేడా లేదు. దీనితో తగ్గకపోతే ఆలస్యం చెయ్యకుండా పెద్దాసుపత్రిలో చూపించుకోమని కూడా చెప్పాడు.

పొడి మింగడం ఎంతసేపు? ఆకలైన వేళకు వేడన్నం అనేది మా ఇంట్లో కోడలు అడగదగ్గ వస్తువు కాదు. నాయనమ్మ వింటూనే కొట్టిపారేసింది. “మొగోళ్ళు తినకముందే కోడలు తినేది యాడన్నా ఉండాదా? పొడి ఇప్పుడు మింగమను, అన్నం తరవాత తింటాది.”

మేనత్త వాదించలేదు. అటక మీదినుంచి చిన్న కుంపటి దించింది. దాన్ని లోపల కాదు, వీధి అరుగు మీద, అంగడి పక్కనే పెట్టి బొగ్గులు రాజేసింది. అమ్మ ఒక్కదానికి సరిపడా బియ్యం పోసి, చిన్న గిన్నె ఎక్కించి, విసనకర్రతో విసురుతూ కూర్చుంది.

మా బజారులో ఒక ఇంటికి రెండో పొయ్యి వెలిగిందంటే ఆ అన్నదమ్ములు వేరుపడ్డారని అర్థం. ఆమెకు అది తెలియక కాదు. ఇంతలో గని కూత కూసింది, షిఫ్టు దిగిన జనం అంగటికి వచ్చారు. సరుకు సంగతి మరిచిపోయి అందరూ కుంపటినే చూస్తున్నారు. వెనక వీధిలో ఉండే ముసలామె ఉండబట్టలేక, ఈడ పొయ్యి ఏంటికమ్మా అని అడిగింది. మేనత్త అంగట్లోకి వినబడేటట్టు చెప్పింది.

“మా ఇంటి కోడలికి మందు ఇయ్యాల. మందుకి వేడన్నం కావాల. లోపల దొరకలేదు.”

తాతయ్య త్రాసు అక్కడే వదిలేసి బయటికి వచ్చాడు. పరువు బజార్న పడేస్తున్నావు, లోపలికి తీసుకుపో అని పళ్ళు బిగించి అన్నాడు. మేనత్త విసరడం ఆపలేదు. “లోపల పెడతానంటే ఇప్పుడే ఆర్పేస్తాను నాయనా. లేదంటే ఈమెకి నయమయ్యేదాకా నేను లక్కూరుకి పోయేది లేదు, ఈ పొయ్యి ఆరేదీ లేదు.”

అన్నం ఉడికింది. అమ్మను చెయ్యి పట్టి తెచ్చి అరుగు మీద కూర్చోబెట్టింది. బజారు మొత్తం చూస్తుండగా అమ్మ తల వంచుకుని, పొడి కలిపిన ఆ నెయ్యి ముద్ద తినింది. తర్వాత ఇంకో ముద్ద. మెల్లగా తల ఎత్తి తినింది. ఆవిరి లేచే అన్నం మా అమ్మ తింటుంటే నేను చూడడం అదే మొదలు. చూస్తే చూడండి, మా అమ్మే అని అరవాలనిపించింది నాకు.

ఆ సాయంత్రం తాతయ్య నాయనమ్మను పిలిచి, రేపటినుంచి కోడలికి ముందు పెట్టు అని మాత్రం అన్నాడు. మర్నాడు పొయ్యి మీది గిన్నె దించగానే వంటింట్లో అమ్మకు పీట పడింది. నాయనమ్మ మొహం అటు తిప్పుకునే వడ్డించింది. అమ్మకు రాత్రికి రాత్రి ఏమీ తగ్గిపోలేదు. మెల్లగా తేన్పులు తగ్గాయి, మంట తగ్గింది, చెంపలు నిండాయి. బూదికోట మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

మేనత్త వాళ్ళ ఊరు వెళ్ళిపోయాక ఒక రోజు, వడ్డిస్తూ వడ్డిస్తూ నాయనమ్మ ఆగింది. ఇంకో పీట వాల్చుకుని అమ్మ పక్కన కూర్చుంది. “నాకూ ఇంత పెట్టమ్మా” అంది. “పెండ్లయి వచ్చినప్పటినుంచీ నా కడుపూ మండతానే ఉండాది.”

లేహ్యం డబ్బా ఆవిడ చేతికి అంత అలవాటు ఎందుకైందో నాకు అప్పుడు తెలిసింది. అంతవరకూ ఆవిడ మీద పెంచుకున్న కోపమంతా ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అమ్మ ఒళ్ళో తల పెట్టుకున్నాను.

పథ్యం అంటే చింతపండు మానడమూ, వంకాయ మానడమూ అనుకుంటారు జనం. ఇప్పుడు గనులు మూతపడ్డాయి, కూత లేదు, అయినా ఆడవాళ్ళు ఆకలి చంపుకుని దాని మీద ఏదో ఒక పొడో మాత్రో వేసుకోవడం మానలేదు. నా కంటబడితే ఊరుకోను. ముందు కంచం పెట్టి, తరువాతే మందు సంగతి మాట్లాడతాను. నోటి దురుసు మనిషినని పేరొచ్చింది, రానీ. అమ్మ ఎనభై దాటి బతికింది. పోయిన రోజు మధ్యాహ్నం కూడా అందరికన్నా ముందు కూర్చుని వేడన్నం తినే పోయింది. నేనూ పెళ్ళిళ్ళకు పోతే ఆకలైన వేళకు మొదటి పంక్తిలోనే కూర్చుంటాను. ఇంకా మగవాళ్ళు తినలేదు పెద్దమ్మా అని ఎవరో ఒకరు వచ్చి చెవిలో చెబుతారు. నేనేమన్నా వాళ్ళను వద్దన్నానా, వచ్చి పక్కన కూర్చోమను అంటాను.