ఆది రవిక

ఉదయగిరిలో అంగడి నడిపే ఇంటికి కోడలినై వచ్చాక, పాత రవికల కుట్లు విప్పి చూసి, నాకు నేనే కుట్టుపని నేర్చుకున్నాను. మా అత్తకు అది కంటగింపు.

"అంగడోళ్ల కోడలివా, దర్జీ పెండ్లానివా?" అనేది.

అయినా పండక్కి రవికగుడ్డ నా మొహాన విసిరింది. ఒంటిమీద కొలతలు తియ్యనివ్వక, అందరిలాగే ఆదికి పాత రవిక ఇచ్చింది. రంగు వెలిసిన ఆ రవిక ప్రకారమే, దారమంత తేడా లేకుండా కుట్టాను. కొత్తది ఆమె మోచెయ్యి దాటలేదు.

"గుడ్డ నాశనం చేసినావు గదే, చేతగానిదానా!" అని వీధికంతా వినపడేట్టు అరిచింది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు చేరారు.

ఆది రవిక తెచ్చి ఆమె ఒళ్లో పడేశాను. "ముందు ఇది తొడుక్కో అత్తా, చూస్తాము."

ఆమె దాన్ని గబుక్కున కొంగు కింద దాచింది.

మర్నాడు కొలతలు తీసుకోమని తనే చేతులు చాచి నిలబడింది. టేపు చుట్టి, ప్రతి కొలతా వీధికంతా వినపడేట్టు చదివాను.