నా బిడ్డకు దక్కని తిట్టు

ఈ సాయంత్రం మా తోడికోడలు వాకిట్లో నిలబడి తన కూతుర్ని తిడుతోంది. చెరుకు లోడుతో పోతున్న ట్రాక్టర్ వెంట పడి గడ గుంజబోయి ఆ పిల్ల మోకాలు చెక్కుకుపోయింది. "మల్ల ఉరికినవంటే కాళ్లిరగ్గొడ్త" అంటోంది అక్క. నా ఈడు తల్లులు నవ్వుకుంటారేమో గాని, అక్క నగల మీదా చీరల మీదా ఏనాడూ కలగని కుళ్ళు నాకు ఆ తిట్టు మీద కలిగింది.

బోధన్‌లో మా ఇల్లు రోడ్డు మలుపులో ఉంటుంది, లోడు బండ్లు అక్కడ మెల్లగా తిరుగుతాయి. ఒకప్పుడు అక్క కూతురూ నా కూతురూ కలిసే ఆ బండ్ల వెంట ఉరికేవాళ్ళు, తిరిగొచ్చాక అక్క ఇద్దరినీ ఒకే గొంతుతో తిట్టేది, ఆ వెనకే నేనూ అందుకునేదాన్ని. చిన్నప్పుడు మా అమ్మ నన్ను తిట్టిన మాటే అది, అందుకే నా నోటికి ప్రత్యేకంగా వెతుక్కోవలసిన పని ఉండేది కాదు.

తర్వాత నా బిడ్డకు రక్తక్యాన్సర్ అన్నారు, హైదరాబాద్ ఆస్పత్రిలో చేర్పించాం. స్టెరాయిడ్ మాత్రలు వేసినన్నాళ్ళు దానికి తీరని ఆకలి, అర్ధగంటకోసారి పూరీ అడిగేది, నేను నూనె లేని జొన్నరొట్టె పెట్టేదాన్ని. ఒకరోజు రక్తం తీసి పక్కన పెడితే, కాసేపటికి గొట్టంలో పైన పాలలాగా తెల్లగా తేలింది. నేనేం తప్పు పెట్టానని ఏడ్చాను. డాక్టరమ్మ కూర్చోబెట్టి, ఇది నీ వంటవల్ల కాదు, ఈ మందులతో కొందరు పిల్లలకు రక్తంలో కొవ్వు ఇలా పెరుగుతుంది, కొందరికి ఎముకలకూ దెబ్బ తగులుతుంది, రెండూ కనిపెట్టుకొని ఉండాలని చెప్పింది. పక్క మంచం అబ్బాయివీ అవే మందులు, కాని వాడి గొట్టం నిండా ఎర్రటి రక్తమే. వాళ్ళమ్మ టిఫిన్ డబ్బాలోంచి పూరీ తీసి వాడి నోట్లో పెడుతుంటే, నా బిడ్డ కంటపడకుండా కర్టెన్ లాగి, నేను మాత్రం ఆ సందులోంచి చూస్తూ కూర్చునేదాన్ని.

కొవ్వు తగ్గింది, జబ్బూ లొంగింది. ఇంటికి వచ్చి ఊపిరి పీల్చుకుంటుండగా పిల్ల కుంటడం మొదలుపెట్టింది. తుంటి ఎముకకు రక్తం సరిగ్గా అందక లోపల దెబ్బతిందట. నడవచ్చు, ఉరకొద్దు, గెంతొద్దు అన్నారు. వచ్చే నెల స్కానింగులో ఎముక కుంగలేదని తేలితే మెల్లగా ఉరకనిస్తారు, కుంగితే ఆపరేషన్ మాట.

అప్పటినుంచి ఇంట్లో ఎవరూ దాన్ని ఆ తిట్టు తిట్టరు. అసలు ఏ తిట్టూ తిట్టరు.

ఈ సాయంత్రం కూడా అంతే. తిట్లు తింటున్న పిల్ల ఉన్నట్టుండి, "చెల్లెనే చెప్పింది, గా బండి మెల్లగొస్తుంది ఉరుకుమని" అంది. నా కూతురు అరుగు మీద కూర్చుని బండ్ల కోసం కనిపెట్టుకుని ఉండి నిజంగానే చెప్పిందట. అక్క గిర్రున దాని వైపు తిరిగింది, నోరు తెరిచింది. అంతలోనే మెత్తబడిపోయి, "లోపలికి పో బిడ్డా, ఎండల కూసున్నవ్" అంది. ఎండ ఎప్పుడో పోయింది.

నా కూతురు దగ్గరికొచ్చి, బండిలోంచి రాలిన చెరుకు ముక్క నా చేతిలో పెట్టి, "పెద్దమ్మ నన్నెందుకు తిట్టది? చెప్పింది నేనే గద" అంది.

నేనైనా తిడదామని చూశాను. "మల్ల చెప్పినవంటే..." అన్నాను. అది నా మొహంలోకి ఆశగా చూసింది. మిగతా మాట అనకుండా చెరుకు ముక్క విరిచి సగం దానికిచ్చాను.

మా అమ్మ నోటినుంచి నాదాకా ఏ అడ్డూ లేకుండా వచ్చిన మాట, నా దగ్గరే ఆగిపోయింది. స్కానింగు బాగా వస్తే మళ్ళీ వస్తుందేమో. బయట అక్క తన కూతుర్ని ఇంకా తిడుతూనే ఉంది. మేమిద్దరం గడప మీద కూర్చుని చెరుకు నములుతూ చివరిదాకా విన్నాం.