అక్క పంచిన మాత్రలు

ఊరంతా అక్కా అని పిలిచే మా తోడికోడలు పోయిన నెల ఖమ్మం దవాఖానలో కన్నుమూసింది. మూత్రంలో మొదలైన ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకిందన్నారు. కబురు తెలియగానే ఊరంతా మా వాకిట్లోకి వచ్చింది. నేను పోతే ఇంతమంది రారు. ఏడుస్తూ కూడా అదే అనుకున్నాను. అంత కుళ్లు నాకు ఆమె మీద.

ఇల్లందు అవతల, అడవి అంచు చేలలో ఇద్దరం మిరపకాయలు ఏరే కూలికి వెళ్లేవాళ్లం. సాలు పట్టిందంటే ఆమెను అందుకోవడం నా వల్ల అయ్యేది కాదు. చేలో చాటు ఉండదు కనుక ఆడవాళ్లం పొద్దంతా నీళ్లు ముట్టేవాళ్లం కాదు. మూత్రంలో మంట మాకందరికీ చుట్టంలా వచ్చిపోయేది.

ఊళ్లో డాక్టరు మాత్రలిచ్చేవాడు. మంట తగ్గగానే అక్క మిగిలినవి కొంగున ముడేసేది. "నాకు నిమ్మళమైంది. ఇంక మింగితే దండుగ, ఇంకొకదానికి అక్కరకొస్తయి" అనేది. ఎవరు పొత్తికడుపు పట్టుకున్నా ముడి విప్పేది. ఒకసారి నేనూ చెయ్యి చాపాను.

"నీకెందుకు చెల్లె? మా మరిది బండి మీద తీస్కపోతడు గదా. నా లెక్క మొగుడు లేనిదానివా ఏంది? దవాఖానల చూపిచ్చుకో" అంది.

నలుగురిలో తల తీసేసినట్టయింది. దవాఖానలో ఇచ్చిన మందు ఆ కోపంతోనే చివరి మాత్ర దాకా మింగాను.

ఖమ్మంలో ఆమె మంచం పక్కన డాక్టరమ్మ చెప్పింది: "ప్రతిసారీ పరీక్ష లేకుండా ఏదో ఒక మాత్ర, అదీ సగమే. మందుకు చావని క్రిములే మిగిలి పెరిగాయమ్మా. ఇప్పుడు దేనికీ లొంగడం లేదు."

అక్క కళ్లు తెరిచింది. "మరి నేనిచ్చినోళ్లకు?" అంది. నా చెయ్యి పట్టుకుంది. "జల్దీ పోయి వాళ్లకు చెప్పు చెల్లె. సగంల ఆపొద్దని, ఒకరివి ఒకరు మింగొద్దని."

నాతో ఆఖరిగా మాట్లాడింది అదే. నా గురించి ఒక్క మాట కూడా లేదు.

ఆమె పోయాక చేలోకి వెళ్లి ఆ మాట చెప్పాను. అందరూ ఏడ్చారు. ఒకామె అంది: "మంటే రాకుంట చూసుకోవాలె గదా. అక్క చీర ఒకటియ్యి, చాటు కట్టుకుందం."

ఆమె చీరల్లో నా కోసం దాచుకున్నది ఒక్కటే ఉంది. ఇవ్వబుద్ధి కాలేదు, అయినా ఇచ్చాను. గట్టు మీద నాలుగు కర్రలకు కట్టారు. ఇప్పుడు అందరూ కడుపునిండా నీళ్లు తాగుతున్నారు. నేనూ తాగి, ఎండలో నా వంతు కోసం నిలబడ్డాను. చీర లోపల ఉన్నామె ఎంతకీ బయటకు రాదు.