చూరు పలకలో గుసగుస

"చూరు పలకలకీ, వాననీళ్ళ రేకు దోనెకీ కలిపి నూట ఇరవయ్యా! రేకు కొడతావా, బంగారం తాపడం చేస్తావా?" అన్నాను.

"నవ్వులాట గాదమ్మా. పలక పైకే ఉంది, లోపల ఏం లేదు. దోనె బరువుకు పడ్తది," అన్నాడు వడ్రంగి మౌనప్ప.

"రంగేసి నెల కాలేదు. నిగనిగలాడుతుంటే పడిపోతుందంటావేం?"

"రంగు చూసి మోసపోకుండ్రి. చెవి పెట్టి ఇనుండ్రి," అని సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

తుంగభద్ర కాలువ వచ్చిన కొత్తలో, కృష్ణా జిల్లా నుంచి సింధనూరు దగ్గరకు వచ్చి కట్టుకున్న ఇల్లు అది. చుట్టూ అన్నీ మట్టి మిద్దెలే. మేం మాత్రం పంతానికి మా ఊళ్ళోలాగే పెంకులు, చూరు పలకలు పెట్టించాం. పలకలు మార్చే ఖర్చు తప్పుతుందని ఏటా నేనే రంగు పూసి మురిసిపోయేదాన్ని.

ఆ సాయంత్రం ఆకు కదలడం లేదు. చూరు కింద మంచం మీద మూడు నెలల నా కూతురు కళ్ళు విప్పుకుని పైకే చూస్తోంది. పైనుంచి ఎవరో పెదవులు కదుపుతున్నట్టు గుసగుస వినిపించింది. "ఎవరది?" అన్నాను. ఆగిపోయింది. నేను ఊరుకోగానే మళ్ళీ మొదలైంది. పిల్ల అటే చూస్తూ నవ్వింది. పిల్లను ఎత్తుకుని లోపలికి పోయి గడియ పెట్టాను.

మర్నాడు పొద్దున్నే మౌనప్పకు నేనే కబురు పెట్టాను. అతను నిచ్చెనెక్కి పలక మీద వేలు ఆనించాడు. వేలు లోపలికి దిగిపోయింది. రంగు పొర వెనక చెక్క లేదు, తెల్లగా చెదపురుగులే. దోనెతో సహా పలక ఖాళీ మంచం మీద పడింది. బేరమాడకుండా నూట ఇరవై ఇచ్చాను.