కార్డులో ఖాళీ గడి

తుర్కపల్లిలో టీకాలు తయారుచేసే కంపెనీలో నా పని సీసాలు చూడడం. వెలుతురు ముందు పెట్టి, లోపల నలుసు కనిపిస్తే పక్కన పెట్టేస్తాను. ఆ గొప్పను ఇంటిదాకా మోసుకొచ్చేదాన్ని. సూరారంలో మా గల్లీలో చంటిపిల్లతో ఏ తల్లి కనిపించినా ఆపి, టీకాల మీద క్లాసు పీకేదాన్ని. ఎదురింట్లో ఉండే కూలి పనికి పోయే ఆమెకైతే వారానికి రెండుసార్లు.

"జీతం కంపెనీల, డ్యూటీ గల్లీల," అని మా అత్తమ్మ నవ్వేది.

ఒక బుధవారం పొద్దున మా గల్లీకి ఆశా కార్యకర్తగా చేసే ఆశక్క వచ్చింది. పక్కింటి పిల్లవాడికి తట్టు పోసిందట. మా పాప రోజూ వాడితోనే ఆడుతుంది.

"మీ పాపకు తట్టు టీకా పడ్డదా?"

"నన్నే అడుగుతున్నవా అక్కా? కూలోళ్ల ఇండ్లల్ల అడుగు పో. ఆడ్నే టీకాలేయించుడు తక్కువుంటది."

ఆమె నవ్వి, టీకాల కార్డు తెమ్మంది. తట్టు టీకా వేయాల్సిన తొమ్మిదో నెల గడి ఖాళీ! పాపకు పద్నాలుగో నెల నడుస్తోంది.

కాన్పు దేవరయాంజాల్‌లో, తల్లిగారింట్లో అయింది. తర్వాత అక్కడినుంచే పనికి పోయాను. సరిగ్గా తొమ్మిదో నెలలో మంచిరోజు చూసి, ఒడిబియ్యం పోయించుకుని పాపతో ఇక్కడికి వచ్చాను.

"తల్లిగారింట్ల ఏయించిన్రనుకున్న," అంది అత్తమ్మ.

"అత్తగారింట్ల ఏయిస్తవనుకున్న బిడ్డా," అంది ఫోన్లో అమ్మ.

వాళ్లు అలాగైనా అనుకున్నారు. నాకు అసలు గుర్తే లేదు. ఒడిబియ్యానికి చీర రంగు కోసం మూడు దుకాణాలు తిరిగినదాన్ని, కార్డు ఒక్కసారి తెరవలేదు.

"ఊరందరికి శకునం జెప్పే బల్లి పోయి కుడితిల పడ్డదంట," అని అత్తమ్మ పాపను నా చంకన పెట్టింది. "నడువు జల్దీ."

అంగన్‌వాడీలో సూది పడింది. పాప ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఆశక్క గడి నింపుతూ అంది: "నువ్వన్న కూలోళ్లు ఎప్పుడో ఏయించిన్రు. గల్లీ మొత్తంల మిగిలింది నీ బిడ్డొక్కతే."

ఇప్పటికే అంటుకుని ఉంటే చెప్పలేమనీ, రెండు వారాలు చూడాలనీ సూది వేసిన సిస్టర్ చెప్పింది. రోజూ లేవగానే పాప చొక్కా ఎత్తి, ఒళ్లంతా వెతికేదాన్ని. దోమ కుట్టిన చోటు చూసి ఒకరోజు పని కూడా మానేశాను.

చివరికి ఏమీ రాలేదు. ఆ రెండు వారాలూ ఎదురింటి ఆమె పని నుంచి వస్తూ మా గుమ్మంలో ఆగేది. "పాప మంచిగున్నదా అక్కా?" అని అడిగేది. టీకా ఎందుకు వేయించలేదని మాత్రం ఒక్కరోజూ అడగలేదు.