ఇనుము కట్టే చెయ్యి

కామారెడ్డిలో నాది పెండ్లి వీడియోల స్టూడియో. గాంధారి తండాల పెండ్లిళ్లు, సదాశివనగర్ తొట్టెల ఫంక్షన్లు అన్నీ నా కంప్యూటర్లోకే వచ్చి పడతాయి. ప్రతివాడికీ డ్రోన్ కావాలి, స్లో మోషన్ కావాలి, రెప్ప వేసేలోగా షాట్ మారిపోవాలి. ఆ గోల కట్ చేసీ చేసీ విసుగెత్తినప్పుడు నేను ఒక చైనా నటుడి సినిమాలు పెట్టుకుంటాను.

అతని పేరు సరిగ్గా పలకడం కూడా నాకు రాదు. పెద్ద సినిమాలవాళ్లు పిలిచినా పోలేదని ఎక్కడో చదివాను. ఇరవై ఏళ్లుగా చేతిలో చిల్లిగవ్వ లేని దర్శకులతోనే తిరుగుతున్నాడు. ఒక పాత్ర వేసే ముందు నెలల తరబడి ఆ పని చేసేవాళ్ల మధ్యే ఉంటాడట. ఆ సినిమాల్లో పెద్దగా ఏమీ జరగదు. మనిషి బస్సు కోసం చూస్తాడు, బస్సు రాదు. నేనూ అతనితో పాటు చూస్తూ చూస్తూ నిద్రా మెలకువా కాని చోటికి పోతాను.

శుక్రవారం నమాజుకు నాన్న ఎల్లారెడ్డి నుంచి వస్తాడు. నాన్నను మేం అబ్బా అంటాం. నమాజు కాగానే షటర్ సగం దించి ఇద్దరం అన్నం తింటాం, ఆయన కుర్చీలోనే కునుకు తీస్తాడు. ఒక శుక్రవారం ఆ నటుడి మొదటి సినిమా నడుస్తోంది. అతను స్లాబ్ మీద గొంతుక్కూర్చుని ఇనుప చువ్వలకు తీగ కడుతున్నాడు. తీగల కట్టను మెడ వెనక వేసుకుని, చూడకుండానే ఒక్కొక్కటీ లాగుతున్నాడు. అబ్బా కళ్లెప్పుడు తెరిచాడో తెలియదు.

ఇంట్లో మాది ఉర్దూ. సైటు మాటలొస్తే మాత్రం అబ్బా తెలుగులోకి దిగుతాడు. ఆ పని నేర్చుకున్నది తెలుగు మేస్త్రీల దగ్గర.

"ఈడు మావోడే," అన్నాడు. "బతికే ఉన్నడు."

గల్ఫ్‌లో అబ్బాతో ఇనుము కట్టిన చైనా మనిషి ఒకడుండేవాడని చిన్నప్పటి నుంచి వింటున్నాను. ఒకరి భాష ఒకరికి రాదు, తిన్నది మాత్రం ఒకే గిన్నెలో. తీగలు మెడ వెనక వేసుకోవడం అబ్బాకు నేర్పింది అతనే. ఒకరోజు అతను పైనుంచి పడ్డాడు, బండిలో వేసుకుపోయారు. వీసా అయిపోయిందని మర్నాడే అబ్బాను విమానం ఎక్కించేశారు. ఆ మనిషి ఉన్నాడో పోయాడో చెప్పినవాడు లేడు. ఇప్పటికీ దారిలో శవాన్ని మోసుకుపోతూ ఎవరి జనాజా కనిపించినా, ముక్కూ మొహం తెలియనివారిదైనా, అబ్బా ఉరికిపోయి భుజం ఇస్తాడు. ఎందుకో నాకు తెలుసు.

తెరమీద ఉన్నది నటుడనీ, సినిమా కోసం ఆ పని నేర్చుకున్నాడనీ మొత్తుకున్నాను. చెవిన పెడితేగా! అది నేర్చుకున్న చెయ్యి కాదట. పడ్డాక బరువు పని చేతగాక సినిమాల్లో చేరి ఉంటాడట. నాకు కోపమొచ్చింది, ఆ వెనకే జాలేసింది.

ఆ తర్వాతి శుక్రవారాలు కలలో నడిచినట్టు గడిచాయి. వరుసగా ఒక్కో సినిమా పెట్టాను. ఒకదాంట్లో అతను లారీ నడిపితే, లైసెన్సు దొరికిందని అబ్బా సంబరపడ్డాడు. ఇంకోదాంట్లో కూతురి బడి ముందు వానలో నిలబడ్డాడు. బిడ్డ పుట్టిందన్నమాట. క్రమంగా అతని జుట్టు నెరిసింది, ముందు పళ్లు రెండు పోయాయి. ఎక్కడో ఒక నటుడు ఇరవై ఏళ్లు పడ్డ కష్టం మా స్టూడియోలో ఒక స్నేహితుడి క్షేమ సమాచారం అయింది. అబ్బా హాయిగా ఎల్లారెడ్డి బస్సెక్కేవాడు. నిజం చెప్పొద్దూ, నేనూ సగం నమ్మేశాను.

చివరి సినిమాలో అతను చనిపోతాడు. ఒక్కడినే చూసి దాచేశాను. రెండు శుక్రవారాలు నెట్ లేదన్నాను, మూడోసారి కంప్యూటర్ పాడైందన్నాను. అబ్బా నా మొహమే చూస్తూ కూర్చున్నాడు.

"ఏమైంది వానికి? చెప్పు బేటా."

"ఈ సినిమాల సచ్చిపోతడు, అబ్బా."

షటర్ కింద నుంచి వచ్చే ఎండను ఆయన చాలాసేపు చూశాడు. తర్వాత పెట్టమన్నాడు.

పెట్టాను. ఆఖర్న శవపేటికను మోసుకుంటూ మనుషులు గుట్ట దారిలో పోతారు. కెమెరా వాళ్ల వెనకే పోతుంది, ఎక్కడా కట్ లేదు. చేసేది ఎడిటింగ్ కదా, మొదటిసారి చూసినప్పుడు ఆ షాట్ అనవసరంగా సాగిందని తిట్టుకున్నాను.

అబ్బా జేబులోంచి టోపీ తీసి పెట్టుకున్నాడు. లేచి మానిటర్ దగ్గరికి వెళ్లాడు. పేటిక మూల తన మీద ఉన్నట్టు కుడి భుజం వంచి, చెయ్యెత్తి పట్టుకుని, ట్రైపాడ్ల మధ్య అటూ ఇటూ నడవసాగాడు, తెరమీదివాళ్లు నడిచినంత మెల్లగా.

"ఆడ ఇడిసిపెట్టి వచ్చిన," అన్నాడు నడుస్తూనే. "భుజం ఇయ్యలే."

ఆయనకు ఆయాసం వస్తోంది. మాలో జనాజాను ఒక్కడినే చివరిదాకా మోయనివ్వరు. కొన్ని అడుగులకు వెనకవాడు ముందుకొచ్చి భుజం మారుస్తాడు. నేను వెళ్లి ఆయన వెనక నిలబడి భుజం వంచాను. అబ్బా తల తిప్పకుండానే ఒక అడుగు పక్కకు జరిగి, ఆ మూలను నాకిచ్చాడు. షాట్ ఇంకా నడుస్తోంది.